మిద్దె తలుపు వెనక ధర్మారావు

గుడివాడ,
4 ఆగస్టు 2025

లిఖితా,

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు "అత్తా, సిగ్నల్ లేదు" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు కదా. అందుకే ఉత్తరం.

నువ్వు పంపిన లింకులో నీ సినిమా మొత్తం చూశాను. సగంలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదట్నుంచి చూశాను. కాబట్టి "అత్త సరిగ్గా చూడకుండా తిడుతోంది" అని మీ నాన్న దగ్గర చెప్పుకునే అవకాశం నీకు లేదు.

ముందు మంచి మాటలు. ముసలమ్మ వేషం వేసినామె బాగా చేసింది. ఉప్పు తేలిన పొలాల రంగు సరిగ్గా పట్టారు. అయిపోయాయి.

ఇప్పుడు మీ తాత నాటకానికీ నీ సినిమాకీ తేడా చెప్తాను. నాన్న రాసిన 'మిద్దె తలుపు'లో స్టేజీ మీద ఏముంటుంది? ఒక తలుపు. అంతే. డెబ్బై ఏడు నవంబరు, శనివారం సాయంత్రం, సముద్రం దివిసీమ మీద పడ్డ పూట. మన మాలపల్లె జనం పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మిద్దె దగ్గరికి వచ్చి తలుపు కొడతారు. నాటకమంతా కొట్టడమే. ఆసామి కనపడడు. అతనికి పేరు కూడా లేదు. లోపల్నుంచి గొంతు మాత్రం వస్తుంది, "తియ్యొద్దు" అని. చూసేవాడు ఆ తలుపుకి ఏ వైపున్నాడు? బయట, నీళ్ళలో, మనతో. ఊళ్ళోవాళ్ళు కుర్చీలు వేసుకుని ముందు వరసలో కూర్చునేవారు. వాళ్ళని కూడా లేపి మాలపల్లెతో పాటు తలుపు బయట నిలబెట్టాడు మీ తాత జ్ఞానయ్య మాస్టారు. అదీ నాటకం.

నువ్వేం చేశావ్? కెమెరాని లోపలికి తీసుకెళ్ళావు. లోపల ఆసామి జ్వరంతో మంచం మీదున్నాడు, పాపం. అతనికేమీ తెలియదు. తాళాలు పాలేరు చేతిలో ఉన్నాయి. జనం ఎక్కువైతే మిద్దె కూలుతుందని భయపడి ఆ పాలేరు గడియ వేస్తాడు. తెల్లారాక ఆసామి శవాల మధ్య కూర్చుని ఏడుస్తాడు, వెనక వయొలిన్. ఎంత సుకుమారంగా ఏడ్చాడే! మిద్దెలో ఉన్నవాడికి వయొలిన్, నీళ్ళలో పోయినవాళ్ళకి పైనుంచి డ్రోన్. పీనుగుల్ని తుమ్మచెట్ల మీంచి దించి కిరసనాయిలు పోసి తగలబెట్టిన నేల అది. దాన్ని పైనుంచి అందంగా చూపించడానికి నీకు మనసెలా ఒప్పింది?

పెద్దవాళ్ళని నొప్పించకుండా పేదవాళ్ళ చావు చూపించడం ఈమధ్య ఒక వృత్తి అయిపోయింది. అందులో మా అన్నయ్య కూతురు చేరుతుందనుకోలేదు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత నేరం తీసుకొచ్చి పల్లెవాడి నెత్తిన పెట్టావు. పైగా వాడికి ధర్మారావు అని పేరు పెట్టావు. ఆ పేరు పెట్టడానికి సిగ్గు వెయ్యలేదా?

సినిమాలో యాస గురించి ఇంకో నాలుగు మాటలు రాయాలి గానీ, కాలేజీకి టైమైంది.

కోపం తగ్గని
మీ అత్త స్వర్ణలత


హైదరాబాద్,
13 ఆగస్టు 2025

అత్తా,

నీ కవరు ఆఫీసుకొచ్చింది. చేత్తో రాసిన అడ్రస్ చూసి అందరూ ఫొటోలు తీసుకున్నారు. లోపలేముందో తెలిస్తే తీసేవారు కాదు.

సరే, తిట్టావు. నేనూ నీ మేనకోడల్నే, నాకూ నోరుంది.

తలుపు స్టేజీ మీద సరిపోతుంది. జనం కదలకుండా కూర్చుంటారు, కొట్టే చప్పుడు నేరుగా గుండెకి తగులుతుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని చూసేవాడికి అంతసేపు తలుపే చూపిస్తే ఫోన్ చూసుకుంటాడు. తాత నాటకం ఎనభైల్లో పల్లెల కోసం రాసింది. నేను ఆ పల్లె పేరు కూడా వినని వాళ్ళకి చెప్పాలి. ఆసామి చెడ్డవాడు, పల్లె మంచిది అని చెప్తే "తెలుసులే" అని పక్కకి జరుపుతారు. మనవాడే మనవాళ్ళ మీద గడియ వెయ్యడం, అది నాకు ఇంకా పెద్ద దుఃఖం అనిపించింది. నీకు మాత్రం మనవాళ్ళందరూ దేవదూతల్లాగే ఉండాలి. నీ వ్యాసాల్లోనూ అంతే.

ఇక ఆ పేరు. ధర్మారావు లాంటి పేరు చెడ్డపని చేసినవాడికి ఉండకూడదా? ఉంటే సిగ్గుపడాలా? అయినా ఆ పేరు నేను పెట్టలేదు, తాత పెట్టాడు. అచ్చు పుస్తకం ఎక్కడా దొరక్కపోతే బందరు వెళ్ళి తాతతో నాటకాలాడిన హనీఫ్ గారి దగ్గర రాతప్రతి తెచ్చుకున్నాను కదా, అందులో తలుపు లోపలి గొంతు వచ్చిన ప్రతిచోటా 'ధర్మారావు' అనే ఉంది. ముసలమ్మ దగ్గర 'రాజ్యలక్ష్మి' అని ఉంది. ఆసామికి పేరే లేదని నువ్వు గట్టిగా అంటున్నావు. చిన్నప్పటి సంగతి, మర్చిపోయి ఉంటావు. తాత మీద గౌరవంతో నేను ఒక్క పేరు కూడా మార్చలేదు, నా కథలో గడియ వేసేది పాలేరు కాబట్టి ఆ గొంతు పేరు వాడికిచ్చాను, అంతే. దానికే సిగ్గు లేదా అంటే ఏం చెప్పను?

షుగర్ చూపించుకున్నావా?

లిఖిత


మచిలీపట్నం,
21 ఆగస్టు 2025

లిఖితా,

ఇది హనీఫ్ మావయ్య ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని బందరు బస్సెక్కాను. ఇప్పుడు కోపం లేదు, భయంగా ఉంది. నిదానంగా చదువు.

నీ దగ్గరున్నది నాటకం ప్రతి కాదు, ప్రాంప్టర్ ప్రతి. నాటకం ఆడుతుంటే హనీఫ్ మావయ్య పక్క తెర వెనక నిలబడి మాటలందించేవాడు. ఆ కాగితాల్లో పాత్రల పేర్లుండవు. ఏ పాత్ర ఎవరు వేస్తే వాళ్ళ పేరు రాసుకునేవాడు. నేనడిగితే నవ్వి, "ఆసామీ అని రాసుంటే ఎవుడికి అందియ్యాల సొర్ణమ్మా? ధర్మారావని రాసుంటే ధర్మారావు ఏపు తిరుగుతా. అంతేగా పద్ధతి" అన్నాడు.

"మరి మా పిల్లకి చెప్పలేదా మావయ్యా?"

"పిల్ల అడగలా, నే చెప్పలా. మాస్టారి మనవరాలు గదా, తెలుసనుకున్నా."

రాజ్యలక్ష్మి పల్లె ముసలమ్మ కాదే. ముసలమ్మ వేషానికి గుడివాడ నుంచి వచ్చే నటి. ధర్మారావు ఆసామి వేషం వేసినవాడు. బతికే ఉన్నాడు. డెబ్బై అయిదేళ్ళు. మన ఊళ్ళోనే, చెల్లెలి కూతురు మేరీ దగ్గర ఉంటున్నాడు.

ఆ తలుపు దగ్గరే ఆయన భార్య శాంతమ్మా, నాలుగేళ్ళ కూతురు రూతమ్మా పోయారు. రూతమ్మది నా ఈడు. అప్పుడు నాన్నకి గూడూరు బళ్ళో ఉద్యోగం కాబట్టి మేం బతికాం. ధర్మారావు బాబాయ్ అదే మిద్దెలో పాలేరు. ఆ సాయంత్రం దొడ్లో గొడ్ల పలుపులు విప్పడానికెళ్ళి నీళ్ళలో కొట్టుకుపోయి, తుమ్మచెట్టు పట్టుకుని బతికాడు. నాటకం మొదలుపెట్టినప్పుడు ఆసామి వేషం ఊళ్ళోవాళ్ళెవరూ వెయ్యరు, పల్లెలో వాళ్ళు వెయ్యం అన్నారు. ఆయనొక్కడే ముందుకొచ్చాడు. తన పెళ్ళాంబిడ్డల మీద తలుపు మూయించినవాడి గొంతు ముప్పై ఏళ్ళు తనే పలికాడు. హనీఫ్ మావయ్య ఇందాక ఒకటి చెప్పి తెగ నవ్వాడు. గుడ్లవల్లేరులో ఒకసారి ఆడుతుంటే ధర్మారావు మర్చిపోయి తలుపు తీసేశాడట. బయట కొట్టేవాళ్ళు నోరు తెరుచుకు నిలబడ్డారట. "మీ నాన్న తెర దింపించి తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నయ్!"

నీ సినిమాలో అదే మిద్దె, అదే పాలేరు, అదే పేరు. చూసినవాడెవడైనా ఏమనుకుంటాడు?

మొదటి ఉత్తరంలో వయొలిన్ గురించీ డ్రోన్ గురించీ అంతంత రాశాను. ధర్మారావు బతికున్న మనిషని ఒక్క ముక్క రాయలేదు. నీకు తెలుసనుకున్నాను. తెలిసే ఆ పని చేశావనుకున్నాను. అది నా తప్పు. ఆ పేరు తియ్యి. ఇంకేమీ అడగను. వయొలిన్ ఉంచుకో.

అత్త


హైదరాబాద్,
1 సెప్టెంబరు 2025

అత్తా,

నాలుగు రోజులు నిద్ర లేదు. ఆయన ముఖం కూడా నేను చూడలేదు. ఆయన పేరు మాత్రం నటుల చేత ఎన్నిసార్లు పిలిపించానో.

ప్రొడ్యూసర్ గారితో మాట్లాడాను. సినిమా లాక్ అయిపోయింది. మళ్ళీ డబ్బింగ్, మళ్ళీ మిక్సింగ్ అంటే ఒప్పుకోవడం లేదు. "ఆయనకి అభ్యంతరం ఉందని ఆయన సంతకంతో కాగితం తీసుకురా, లీగల్ వాళ్ళకి చూపిస్తా" అన్నారు. కాగితం టైపు చేయించి ఇందులో పెట్టాను. సంతకం చేయించి పంపు.

ఇంకోటి చెప్పాలి. నేను మొదట రాసిన స్క్రిప్టులో గడియ వేసింది ఆసామే. పాలేరు లేడు. "జిల్లాలో పెద్దవాళ్ళు నొచ్చుకుంటే రిలీజ్ కష్టం, ఆసామిని కొంచెం మంచివాణ్ణి చెయ్యి" అన్నారు. అప్పుడు పాలేరుని తెచ్చాను. రాతప్రతిలో ఉన్న పేరు వాడికిచ్చాను. పెద్ద దుఃఖం అని నీకు రాసింది తర్వాత నాకు నేను చెప్పుకున్న మాట. నువ్వు తిట్టినప్పుడు అందుకే అంత పౌరుషం వచ్చింది.

బందరులో ఇరవై ఏడో తారీకున స్పెషల్ షో పెడుతున్నారు. ఆలోపు కాగితం అందాలి.

నీ లిఖిత


గుడివాడ,
9 సెప్టెంబరు 2025

లిఖితా,

కాగితం వెనక్కి పంపుతున్నాను. సంతకం లేదు. ఎందుకు లేదో రాయడానికి రెండు రోజుల నుంచి కూర్చుంటున్నాను.

ఆదివారం పామర్రులో దిగి అవనిగడ్డ బస్సు పట్టుకున్నాను. అక్కడినుంచి ఆటో. మన ఊరి పొలాలు నువ్వు గుర్తుపట్టలేవు, అన్నీ రొయ్యల చెరువులే. సగం ఆసామి మనవడివే. మిద్దె కొట్టేసి దాని చోట ఐస్ ఫ్యాక్టరీ కట్టాడు. మేరీ చర్చి నుంచి వచ్చి అన్నం వడ్డించింది. ధర్మారావు బాబాయ్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. చూపు కొంచెం తగ్గింది. గొంతు మాత్రం అదే, గది నిండే గొంతు.

జరిగిందంతా చెప్పాను. నీ తప్పు అని చెప్పలేదు, మా అందరి తప్పు అన్నాను. కాగితం చదివి వినిపించి పెన్ను చేతికిచ్చాను. ఆయన పెన్ను మేరీకిచ్చి, "అమ్మాయ్, నువ్వెళ్ళి టీ పెట్టు" అని ఆమెని లోపలికి పంపాడు.

"నా పేరు ఉండనియ్యమ్మా సొర్ణా" అన్నాడు.

"ఎందుకు ఉండనివ్వాలి బాబాయ్? చూసినవాళ్ళు నువ్వే తలుపేశావనుకుంటారు."

"ఏశాను గదా."

మతిమరుపు అనుకున్నాను. ముప్పై ఏళ్ళు వేసిన వేషం, ముసలితనంలో నిజమనుకుంటున్నాడేమోనని, "అది నాటకం బాబాయ్" అన్నాను మెల్లగా.

"నాటకం నాకు తెలవదా? నేనే గదా ఆడింది. నే చెప్పేది ఆ పూట సంగతి. నేను తుమ్మచెట్టు పట్టుకుని బతకలా. మిద్దె లోపలున్నా. గొడ్లు విప్పి లోపలికొచ్చా. నీళ్ళొచ్చినయ్. ఆయన మెట్ల మీద నిలబడి తలుపెయ్యరా అన్నాడు, ఏశా. కొట్టారు. తియ్యొద్దన్నాడు. తియ్యలా."

నేనేం అడిగానో విను. ఇలాంటివాటి మీద పాతికేళ్ళు వ్యాసాలు రాసినదాన్ని, "ఎందుకు తియ్యలేదు బాబాయ్?" అని అడిగాను.

"పదేళ్ళప్పుడు ఆ ఇంట్లో జేరా. పదిహేడేళ్ళు ఆయనేం జెప్తే అది చేశా. అంతకుముందు మా నాయన చేశాడు. ఎందుకని ఆలోచించింది ఎప్పుడూ లేదు. ఆ పూట కూడా చెయ్యి గడియ మీదే ఉంది. ఆయన తియ్యి అంటే తీద్దామని చూస్తన్నా. అన్లా."

తర్వాతిది రాయకూడదనుకున్నాను. కానీ నువ్వు రాసిన పాలేరు బయట ఎవరున్నారో తెలియకుండా గడియ వేస్తాడు. అందుకని రాస్తున్నాను. శాంతమ్మ వాళ్ళు మిద్దె దగ్గరికి రాకుండా చర్చిలోకి వెళ్ళారనుకున్నావా అని అడిగాను.

"మీ నాన్నతో అట్టాగే చెప్పా. ఇనపళ్ళేదని చెప్పా. ఇనపడింది. నన్ను పేరు పెట్టి పిలిచింది. లోపలున్నానని దానికి తెలుసు."

నాన్నకి తెలుసు, లిఖితా. తలుపేసింది ఇతనేనని తెలుసు. తెలిసి, పల్లెకి తుమ్మచెట్టు కథ చెప్పించి, ఇతన్ని కాపాడి, ఆసామి వేషం ఇచ్చాడు. "నువ్వు ఆయన మాట అందరికీ వినిపిస్తా ఉండు. అదే నీకు శిక్ష, అదే నీకు మందు" అన్నాడట. గుడ్లవల్లేరులో మర్చిపోయి తలుపు తియ్యలేదు. తీద్దామని తీశాడు. ప్రతి ఊళ్ళోనూ తియ్యాలనిపించేదట.

"ఒక్కసారి తీశా. మీ నాన్న, నాటకం పాడు చేశావు గదరా అన్నాడు" అని నవ్వాడు ధర్మారావు బాబాయ్. ఆ నవ్వు నాకింకా దిగలేదు.

మేరీ టీ తెచ్చింది. ఆమెకి ఇవేవీ తెలియవు. తాగి వచ్చేశాను. ఇది నీకు మాత్రమే రాశాను. మీ నాన్నకి కూడా చెప్పకు.

స్వర్ణలత


హైదరాబాద్,
15 సెప్టెంబరు 2025

అత్తా,

నన్ను కొట్టు. చెప్పేశాను.

సంతకం ఏదని మీటింగులో అడిగారు. పెట్టలేదన్నాను. ఎందుకన్నారు. పేరు తియ్యడానికి ఇదే ఆఖరి అవకాశం అనిపించింది. "ఆయన్ని ఇంకా ఏడిపించకండి, ఆయన నిజంగానే ఆ తలుపు దగ్గరున్నాడు" అన్నాను. ఏడుపొచ్చేసింది. ప్రొడ్యూసర్ గారు ఓదార్చారు. సాయంత్రానికి పోస్టర్ మీద 'నిజ సంఘటన ఆధారంగా' అని చేరింది. పేరు ఇప్పుడు ఇంకా తియ్యరట. బందరు షోకి రంగస్థల కళాకారుడిగా ఆయనకి సన్మానం పెడుతున్నారు. ఆసామి మనవడు గారి చేతుల మీదుగా.

ఆయన్ని పంపవద్దు అత్తా. ఒంట్లో బాగాలేదని చెప్పించు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. అలా అయితే నేను రాసింది తప్పు కాదు కదా?

లిఖిత


గుడివాడ,
30 సెప్టెంబరు 2025

లిఖితా,

తప్పు కాదు కదా అని అడిగావు. నాన్న నాటకం చేతిని దాచింది, నోటిని వినిపించింది. నీ సినిమా చేతిని చూపించింది, నోటికి జ్వరం తెప్పించింది. నాన్న దాచింది మనలో ఒకణ్ణి పల్లెలో బతకనివ్వడానికి. నువ్వు దాచింది దేనికో నువ్వే రాశావు. రెండూ ఒకటేనా? నాన్న చేసింది కూడా ఒప్పని నేనిప్పుడు అనలేకపోతున్నాను. నాటకం చూస్తూ పెరిగినదాన్ని, నన్ను కూడా నమ్మించాడు.

షోకి నువ్వు రాలేదు. మంచిపని చేశావో పిరికిపని చేశావో నాకు తెలియదు. జరిగింది రాస్తాను.

వద్దని నేనే ఊరెళ్ళి చెప్పాను. "ఆసామి మనవడొస్తాడంటగా?" అన్నాడు. "వస్తాడు, అందుకే వద్దంటున్నా" అన్నాను. "నేను అందుకే వస్తానంటన్నా" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కారెక్కాడు.

ఫంక్షన్ హాలు నిండింది. ముందు వరసల్లో పెద్దవాళ్ళు. వెనక మన పల్లె నుంచి రెండు ఆటోల్లో వచ్చినవాళ్ళు, వాళ్ళలో మేరీ. ఆ తలుపు దగ్గర తల్లినీ అన్ననీ పోగొట్టుకున్న రమణమ్మ కూడా వచ్చింది. హనీఫ్ మావయ్య నా పక్కన కూర్చున్నాడు. తెర మీద పాలేరు గడియ వేస్తూ ఉంటే ధర్మారావు బాబాయ్ కదల్లేదు. ఆసామి మంచం మీద మూలుగుతుంటే మాత్రం, "ఇదెక్కడిది?" అని పైకే అన్నాడు. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

సినిమా అయ్యాక స్టేజీ మీదికి పిలిచారు. ఆసామి మనవడు శాలువా కప్పి, పళ్ళబుట్ట ఇచ్చి, భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆయన మైకు పక్కనపెట్టాడు. మైకు అవసరం లేని గొంతు కదా.

"బాబూ, ఆ పూట మీ తాతగారికి జొరం లేదు. మెట్ల మీద నా ఎనకాలే నిలబడ్డారు. తలుపెయ్యరా అన్నారు, ఏశాను. తియ్యొద్దన్నారు, తియ్యలా. మా శాంతమ్మ బయట్నించి పిలిచింది. తియ్యలా. చెయ్యి నాదే బాబూ, కాదన్ను. మాట మీ తాతగారిది. సినిమాలో అది లేదు, ఎయ్యండి."

ఇప్పుడేదో జరుగుతుందనుకున్నాను. యాభై రెండేళ్ళ వయసులో నాకంత ఆశ ఎక్కడినుంచి వచ్చిందో. ఆసామి మనవడు చప్పట్లు మొదలుపెట్టాడు. మైకు తీసుకుని, "ఏం డెలివరీ అండీ! ఈ వయసులో ఆ డైలాగు చూడండి! పెద్దాయనకి గట్టిగా!" అన్నాడు. హాలంతా లేచి నిలబడి కొట్టింది. ధర్మారావు బాబాయ్ కాదు కాదని చెయ్యి ఊపాడు. అభివాదం చేస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

వెనక మనవాళ్ళు కొట్టలేదు. వాళ్ళకి అర్థమైంది. రమణమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనకే రెండు ఆటోలవాళ్ళూ వెళ్ళిపోయారు, మేరీ కూడా. ఆయన్ని నేనూ హనీఫ్ మావయ్యా ఊరికి తీసుకెళ్ళాం. దారంతా హనీఫ్ మావయ్య ఒక్కటే అన్నాడు, "గుడ్లవల్లేరులో నవ్వాం గదరా ధర్మారావూ."

ఇక నిన్ను తిట్టే ఓపిక లేదు.

అత్త


హైదరాబాద్,
8 అక్టోబరు 2025

అత్తా,

నీకు ఈ కబురు సంతోషమో కాదో తెలియదు.

సన్మానం వీడియో ఎవరో పెట్టారు, లక్షలమంది చూశారు. అందులో కొందరు "ఇది డైలాగు కాదు, ఆ ముసలాయన నిజం చెప్తున్నాడు" అని రాశారు. మర్నాడే ఆసామి మనవడి తరఫున లాయరు నోటీసు వచ్చింది. లీగల్ వాళ్ళు భయపడ్డారు. నేను ఏడ్చినా జరగనిది ఒక్క రోజులో జరిగింది. ధర్మారావు పేరు తీసేశారు. పోస్టర్ మీద 'నిజ సంఘటన' కూడా తీసేశారు. పాలేరు పాత్ర మొత్తం తీసేశారు. గడియ వేసే చెయ్యి షాట్ లేదు. గాలికి తలుపు పడి బిగుసుకుపోయినట్టు, లోపలివాళ్ళు తియ్యలేకపోయినట్టు కట్ చేశారు. నిన్న విడుదలైంది. నా పేరు తియ్యమన్నాను, కాంట్రాక్టు ప్రకారం కుదరదన్నారు.

నువ్వు అడిగింది జరిగింది అత్తా. ఆయనకి చెప్పు.

లిఖిత


గుడివాడ,
14 అక్టోబరు 2025

లిఖితా,

చెప్పాను.

పల్లెలో ఆయనతో ఎవరూ మాట్లాడటం లేదు. మొన్న ఆదివారం చర్చిలో ఆయన కూర్చున్న చాప మీంచి ఇద్దరు లేచి పక్కకి జరిగారు. మేరీ వేళకి కంచం తెచ్చి వరండాలో పెట్టి లోపలికెళ్ళిపోతోంది. "అత్తని చంపినోడికి అన్నం పెడతన్నా అక్కా, పెట్టకపోతే ఎవురు పెడతారు?" అంది నాతో. ఆసామి మనవణ్ణి మాత్రం అందరూ పలకరిస్తున్నారు. చెరువుల్లో కూలి ఆయన దగ్గరే కదా. నేను రమణమ్మ ఇంటికెళ్ళి గంటసేపు వాదించాను. మాట చెప్పినవాడి సంగతేంటి, చెయ్యి మీదే ఎందుకు మీ కోపం అని. ఆమె అంతా విని, "మేరీతో ధర్మారావే అన్నాడంట, మీ నాన్న తెలిసి దాచాడంట గదా?" అంది. లేచి వచ్చేశాను.

ధర్మారావు బాబాయ్ దగ్గర కూర్చుని, "సినిమాలో నీ పేరు తీసేశారు" అని చెప్పాను.

"ఆయన పేరు పెట్టారా?"

"లేదు."

"మరి తలుపు ఎవురేసినట్టు?"

"గాలికి పడిందట బాబాయ్."

రొయ్యల చెరువుల వైపు చూస్తూ కూర్చున్నాడు. కంచం ముట్టుకోలేదు. నేను లేవబోతుంటే అడిగాడు.

"మరి శాంతమ్మ ఎవుర్ని పిలిచిందమ్మా?"

స్వర్ణలత